జలపాతాన్ని ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న: వచ్చే ఆదివారం తలకోన కొండదారిలో నడిచి వెళ్లి జలపాతాన్ని ఫొటో తీయాలనుకుంటున్నాము. పోయినసారి నీరంతా సున్నం పూసినట్లు తెల్లగా వచ్చింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ ధారపై ఎండ నేరుగా పడినప్పుడు, నల్లని రాతికీ తెల్లని నీటికీ మధ్య ఉండే వెలుతురు తేడాను కెమెరా పట్టుకోలేదు కనుక, మబ్బు పట్టిన వేళనో, ఎండ కొండ చాటున ఉన్న సమయాన్నో ఎంచుకోండి. కెమెరాను ట్రైపాడ్‌పై నిలిపి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/11 ఉంచి, షట్టర్‌ను (వెలుతురును లోపలికి వదిలే తలుపు) అర సెకనుతో మొదలుపెట్టండి. అప్పటికీ నీరు తెల్లగానే వస్తే, లెన్స్ ముందు తగిలించి వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ 8 ఫిల్టర్ కావాలి. ఒక్క ఫిల్టర్‌కే డబ్బు పెట్టగలిగితే మాత్రం పోలరైజర్ కొనమంటాను, ఎందుకంటే తడి రాళ్లపై, ఆకులపై మెరుపును అది తగ్గించినంత చక్కగా ఆ తర్వాత కంప్యూటర్‌లో సరిదిద్దలేము. తుంపరలు తుడవడానికి పొడి గుడ్డ దగ్గరుంచుకోండి.