పొడవైన జాబితాను గంటల వారీగా విరిచి ముద్రించండి

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో డేటాను పొందికగా ముద్రించే పీప్రింట్ (pprint) వాడితే పొడవైన జాబితాలోని ఒక్కో సంఖ్య ఒక్కో వరుసలో పడి తెర నిండిపోతోందని, చదవడానికి వీలైన అమరిక ఏదని అడిగారు. పీప్రింట్‌లోని కాంపాక్ట్ (compact) అనే ఎంపికను ట్రూ (True)గా పెట్టమని చాలామంది చెబుతారు. పైథాన్ 3.4 నుంచి ఉన్న ఆ సదుపాయం 80 అక్షరాల వెడల్పులో ఎన్ని అంశాలు పడితే అన్ని సర్దుతుంది గనుక స్థలం కలిసివస్తుంది. అయితే సంఖ్యల పొడవును బట్టి ఒక వరుసలో పద్నాలుగు, మరో వరుసలో పదహారు పడతాయి గనుక పై సంఖ్యకూ కింది సంఖ్యకూ ఏ సంబంధమూ ఉండదు. అలాంటి అమరిక తప్పును దాచిపెడుతుందని నా గట్టి అభిప్రాయం.

కొన్నేళ్ల క్రితం విద్యుత్ ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తీసుకెళ్లే లైన్ల) లోడు లెక్కలు చూసే పని చేశాను. పదిహేను నిమిషాలకొక బ్లాకు చొప్పున రోజుకు 96 రీడింగులు. నెల మొత్తాలు సరిపోవడం లేదని రెండు రోజులు ఫైళ్లు తిరగేసినా, నిలువుగా దిగిపోయే ఆ 96 వరుసల్లో నాకేమీ కనిపించలేదు. మూడో రోజు జాబితాను నాలుగేసి సంఖ్యలుగా కోసి, వరుస మొదట గంట వేసి, ప్రతి సంఖ్యనూ ఆరు స్థానాల వెడల్పులో కుడివైపుకు జరిపి ముద్రించాను. ఉదయం 6 గంటలకు సరఫరా మొదలు కావలసిన వ్యవసాయ ఫీడరులో, అప్పటిదాకా ఉన్న సున్నాలు ఒక గడి ముందే ముగిసి, మొదటి లోడు విలువ 5 గంటల వరుస చివర కూర్చొని ఉంది. 23 గంటల వరుసలో మూడే సంఖ్యలున్నాయి. తెల్లవారుజామున ఒక రీడింగు రాకపోవడంతో తరువాతివన్నీ పావుగంట ముందుకు జరిగాయన్నమాట.

కాబట్టి మీ జాబితాకు సహజమైన కొలత ఏదో ముందు చూడండి. గంటకు నాలుగైతే నాలుగు, వారానికి ఏడైతే ఏడు. పైథాన్‌లోని రేంజ్ (range)ను ఆ కొలతంత అంగతో నడిపి ముక్కలు తీసుకుంటే మూడు పంక్తుల ఫంక్షన్ సరిపోతుంది.

డేటాను పాఠ్యంగా రాసే జేసన్ (JSON) రూపంలో, వరుసలను లోపలికి జరిపే ఇండెంట్ (indent) ఇచ్చినా ఇదే నిలువు వరుస తప్పదు. పైగా అందులోని ఎన్‌ష్యూర్ ఆస్కీ (ensure_ascii) అనే ఎంపికను ఫాల్స్ (False) చేయకపోతే తెలుగు పేర్లు ఒక్క అక్షరమూ చదవలేని సంకేతాలుగా వస్తాయి. మన భాషను దాచిపెట్టడమే డిఫాల్టుగా ఉండడం నాకు నేటికీ బాధాకరమే. పైథాన్ ‘తెలుగు’ అనే మాట పొడవును ఆరుగా లెక్కిస్తుంది, తెరపై కనిపించేవి మూడే అక్షరాలు. ఆ లెక్కతో గడులు కట్టితే వరుసలు వంకరపోతాయి గనుక, నేను ఫీడరు పేరును సంఖ్యల పక్కన కాక పైన విడి వరుసలో ముద్రిస్తాను.