మెకానికల్‌వాళ్లకి జర్మనీలో ఉద్యోగం: జర్మన్ లేకుండా కష్టమే

బీటెక్ మెకానికల్, మూడేళ్ల అనుభవం ఉంది, జర్మనీలో ఎమ్మెస్ చేస్తే భాష రాకపోయినా ఉద్యోగం దొరుకుతుందా అని అడిగారు. నేనూ మెకానికలే. కెమ్నిట్స్‌లో మాస్టర్స్ చేసి, ఇప్పుడు స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో ఉన్నాను. మన బ్రాంచికైతే కష్టమనే చెప్తాను.

వీసాతో పెద్ద పేచీ లేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు. డిగ్రీ ఉన్న విదేశీయులకిచ్చే ఉద్యోగ పర్మిట్ బ్లూ కార్డ్‌కి కావలసిన కనీస జీతం కూడా కొత్తగా డిగ్రీ పూర్తయినవాళ్లకి తక్కువే, 2025లో ఏడాదికి 43,759.80 యూరోలు. డాక్టర్లకున్న లైసెన్స్ పరీక్షల బాధ కంపెనీలో పనిచేసే ఇంజినీరుకి లేదు.

చిక్కంతా పని దగ్గరే. డ్రాయింగ్ మీద నోట్సు, సప్లయర్ ఫోను, మెషీన్ ఆగితే ఆపరేటర్ చెప్పే కారణం, అన్నీ జర్మన్‌లోనే. అందులోనూ ఇక్కడి స్వేబియన్ యాస వింటే, గుంటూరులో తెలుగు నేర్చుకున్నవాడు శ్రీకాకుళం సంతలో బేరమాడినట్టుంటుంది. బెర్లిన్ స్టార్టప్‌లో ఇంగ్లీషుతో నెట్టుకొస్తున్న సాఫ్ట్‌వేర్ స్నేహితుల మాట పట్టుకుని మీరు బయల్దేరకండి. మెషీన్లు తయారుచేసే మంచి కంపెనీలు చాలావరకు చిన్న ఊళ్లలోని కుటుంబ సంస్థలు.

నాకు ఉద్యోగం తెచ్చింది మార్కులు కాదు, వెర్క్‌స్టూడెంట్ పని, అంటే చదువుకుంటూనే మన రంగంలోని కంపెనీలో చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగం. సెమిస్టర్‌లో వారానికి 20 గంటల దాకా చేయొచ్చు. థీసిస్ కూడా అదే కంపెనీలో చేశాను, వాళ్లే తీసుకున్నారు. ఫుడ్ డెలివరీ, గోదాం పనుల్లో పడ్డవాళ్లకి చేతికి డబ్బొచ్చింది, సీవీలోకి ఏమీ రాలేదు. ఊళ్లో లోన్ వడ్డీ పెరుగుతుంటే వాళ్లనీ ఏమనగలం?

మీ మూడేళ్ల అనుభవం వృథా కాదు, కానీ మన రిలీవింగ్ లెటర్‌లో తేదీలు తప్ప ఏముంటాయి? ఇక్కడ అప్లికేషన్‌కి పాత యజమాని రాసిచ్చిన పని సర్టిఫికెట్ జతచేయడం రివాజు. ఏ మెషీన్ మీద, ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఏం చేశారో మీ మేనేజర్‌తో వివరంగా రాయించుకునే రాజీనామా ఇవ్వండి.

ఆటో రంగం ఇప్పుడు నీరసంగా ఉంది. కార్ల విడిభాగాల పెద్ద కంపెనీ జెడ్‌ఎఫ్ ఒక్కటే జర్మనీలో 2028 నాటికి 14,000 వరకు ఉద్యోగాలు తగ్గిస్తామని 2024లో ప్రకటించింది. కాబట్టి థీసిస్‌కి కార్లే పట్టుకుని కూర్చోకుండా ప్యాకేజింగ్ మెషీన్లు, రైల్వే, మెడికల్ పరికరాల వైపు కూడా చూడండి. మన డిగ్రీ పత్రాలు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ వచ్చేలోపు హైదరాబాద్ గోథే సెంటర్‌లోనో మరెక్కడో జర్మన్ భాషలో మధ్యస్థాయి అయిన బీ1 పూర్తిచేయండి. ఇక్కడికొచ్చాక క్లాసులు, పార్ట్‌టైమ్, వంట మధ్య భాషకి టైమ్ దొరకదు.