క్యాంపు నుంచి వెనక్కి పంపేశారు.. అమ్మకు కంటి ఆపరేషన్ ఇక అవదా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. నాన్న పోయాక నాగర్‌కర్నూల్ జిల్లాలోని మా ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఎడమ కన్ను దాదాపు కనిపించదు, కుడి కన్ను మసక. బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుతోంది. పోయిన ఏడాది ఊళ్లో కంటి క్యాంపు పెడితే శుక్లం అన్నారు. షుగర్ ఎక్కువగా ఉందని ఆపరేషన్‌కు తీసుకెళ్లలేదు. మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు. నేను హైదరాబాద్‌లో ఇళ్లల్లో పని చేస్తాను, నాగా పెడితే జీతం కోస్తారు. ఉచితంగా చేసేచోట నాసిరకం లెన్స్ వేస్తారని కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

సలహా: తప్పకుండా అవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు శుక్లం ఆపరేషన్లు రోజూ చేస్తూనే ఉంటాం. షుగర్ అదుపులో లేనప్పుడు చేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ కాబట్టి ఆ రోజు వాయిదా వేయడం సరైనదే. అయితే షుగర్ ఎక్కడ చూపించుకోవాలో, మళ్లీ ఏ తేదీన, ఎక్కడికి రావాలో చెప్పకుండా పంపేయడం మాత్రం తప్పే. ఒంటరిగా ఉండే పెద్దావిడతో 'షుగర్ తగ్గాక రా' అని ఊరుకుంటే ఇక రావద్దని చెప్పినట్టే. నా దగ్గరికి బాగా ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఇలా మధ్యలో ఆగిపోయినవాళ్లు చాలామంది, అందులోనూ ఆడవాళ్లు. పంట అమ్మాక చూద్దాం, కొడుక్కి తీరిక దొరికాక చూద్దాం అని ఏళ్లు గడిచిపోతాయి. 'ఈ వయసులో నాకెందుకు బిడ్డా' అని మీ అమ్మ కూడా అనొచ్చు. ఆ మాటకు మీరు ఒప్పుకోకండి.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. రాత్రి గదిలో లైటు ఆర్పేసి, కుడి కన్ను అరచేత్తో పూర్తిగా మూసుకోమనండి. ఫోన్ టార్చ్‌ను ఎడమ కంటికి కాస్త దూరంలో పట్టుకుని పై నుంచి, కింది నుంచి, రెండు పక్కల నుంచి వేస్తూ వెలుగు ఎటు నుంచి వస్తోందో చెప్పమనండి. నాలుగు వైపులా సరిగ్గా చెప్పగలిగితే ఆ కంటికి చూపు తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంది. చెప్పలేకపోతే శుక్లంతో పాటు రెటీనా, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొర, దెబ్బతిని ఉండొచ్చు, నీటికాసులు (గ్లకోమా) కూడా కావచ్చు. అప్పుడు ఇంకా తొందరగా తీసుకురావాలి. శుక్లం బాగా ముదిరితే కంట్లో ప్రెషర్ పెరిగి, విపరీతమైన నొప్పితో కన్ను మొత్తానికే పోవచ్చు. చుక్కల మందుతో, ఆకు పసరుతో శుక్లం కరగదు. పసరు పోస్తే కంటికి పుండు పడే ప్రమాదం ఉంది, ఎవరు చెప్పినా పోయనివ్వకండి.

ముందు షుగర్ సంగతి. దీనికోసం పట్నం రానక్కర్లేదు. పల్లె దవాఖానలో గానీ, పీహెచ్‌సీలో గానీ పరీక్ష చేసి మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఊళ్లోని ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, అమ్మ పరిస్థితి చెప్పి, మాత్రలు సరిగ్గా వేసుకుంటోందో లేదో చూడమని అడగండి. చాలాచోట్ల షుగర్ 200 దాటితే ఆపరేషన్ వాయిదా వేస్తారు. కొన్ని వారాలు మందులు క్రమం తప్పకుండా వాడితే చాలామందికి అదుపులోకి వస్తుంది.

హైదరాబాద్‌లో అయితే మెహదీపట్నం దగ్గర సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ఉంది. ప్రభుత్వ ఆస్పత్రి, ఆపరేషన్ ఉచితం. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో కూడా డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగానే చేస్తారు. ఈ సంస్థ 1996లో ఆదిలాబాద్ వైపు ముధోల్‌లో గ్రామీణ కంటి ఆస్పత్రి పెట్టింది, పల్లెల్లో విజన్ సెంటర్లు, అంటే చిన్న కంటి పరీక్ష కేంద్రాలు, నడుపుతోంది. సుమారు 50 వేల జనాభాకు ఒకటి ఉండాలన్నది వాళ్ల లెక్క. కంటి పరీక్ష కోసం పల్లె మనిషి పట్నం దాకా రావాల్సిన అవసరం ఉండకూడదని నేనూ గట్టిగా నమ్ముతాను. మీ ఊరికి దగ్గర్లో అలాంటి సెంటర్ ఉందేమో కనుక్కోండి, మీకు ఒక రోజు కూలీ మిగులుతుంది. రావాల్సి వస్తే ఆధార్, రేషన్ కార్డు, క్యాంపులో ఇచ్చిన చీటీ, షుగర్ రిపోర్టులు పెట్టుకోండి. ఆధార్ చూపిస్తే మీ ఇద్దరికీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. మొదటిసారి వచ్చినప్పుడే ఆపరేషన్ తేదీ రాయించుకోండి. మీ పని సంగతి చెప్పి పరీక్షలన్నీ ఒకే రోజు చేయమని అడగండి. ఇలా అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక లెన్స్ గురించి. ఉచితంగా వేసే లెన్స్ కూడా కంట్లో జీవితాంతం ఉండేదే. ఖరీదైన లెన్సుల్లో కొన్ని కళ్లజోడు అవసరాన్ని తగ్గిస్తాయి, మడిచి చిన్న కోతలోంచి పెట్టే వీలుంటుంది. మామూలు లెన్స్‌తోనూ చూపు బాగా వస్తుంది, దగ్గరి పనికి అద్దాలు పెట్టుకోవాలి, అంతే. షుగర్ రెటీనాను దెబ్బతీయొచ్చు కాబట్టి అమ్మ విషయంలో నేను లెన్స్ కంటే దాని గురించే ఎక్కువ ఆలోచిస్తాను. శుక్లం అడ్డుపడి రెటీనా కనబడకపోతే కంటికి స్కానింగ్ చేస్తారు. ఆ పరీక్ష గురించి మీరే గుర్తు చేసి అడగండి.

ఆపరేషన్ అయ్యాక నెల, నెలన్నర చుక్కల మందు వేయాలి. కాబట్టి మొదటి వారమైనా అమ్మను మీ దగ్గరే ఉంచుకోండి. తర్వాత రోజూ వచ్చి మందు వేసే పక్కింటివాళ్లను ముందే మాట్లాడి పెట్టుకోండి. డాక్టర్ సరే అనేదాకా కంట్లో నీళ్లు పడకూడదు, కట్టెల పొయ్యి దగ్గర కూర్చోకూడదు. నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, వచ్చిన చూపు తగ్గినా రివ్యూ తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ కన్ను కుదుటపడ్డాక రెండో కంటికి ఎప్పుడు చేస్తారో అడిగి, ఆ తేదీ కూడా చీటీ మీద రాయించుకునే ఇంటికి రండి.