చలి ఉదయాల్లో అందుకోని చైన్‌సా: కాయిల్ మార్చే ముందు చూడవలసినవి

ఒడిశా కోరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర నీలగిరి తోటలో వాడే మీ 50 సీసీ చైన్‌సా, డిసెంబరు ఉదయాల్లో ముప్పై సార్లు తాడు లాగితే గానీ అందుకోవడం లేదని, ఒకసారి వేడెక్కాక మాత్రం ఒక్క లాగుకే మోగుతోందని రాశారు. ప్లగ్ మార్చినా గుణం కనబడలేదని, సాలూరులో చూపిస్తే ప్లగ్‌కు నిప్పు అందించే కాయిల్ మార్చాలన్నారని కూడా చెప్పారు. దయచేసి కాయిల్‌కు ఇప్పుడే డబ్బు పెట్టకండి. కాయిల్ పాడవుతున్నప్పుడు సాధారణంగా కనబడే లక్షణం దీనికి తిరగబడి ఉంటుంది: చల్లగా ఉన్నప్పుడు బాగానే అందుకుని, అరగంట కోశాక వేడికి లోపలి చుట్ట తెగినట్లయి ఇంజను ఆగిపోతుంది, చల్లారేదాకా మళ్లీ రాదు. వేడిలో సుఖంగా నడిచి చలిలో మాత్రమే మొండికేసే యంత్రానికి మొదట అనుమానించవలసింది నిప్పును కాదు, పెట్రోలు చేరే దారిని.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. మాది వంశధార ఒడ్డున కాశీనగరం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా వెళ్లినప్పుడు, మా తోటలో జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. వాటిని కోయించడానికి మనుషులు దొరక్క ఆ నెలలోనే చైన్‌సా కొన్నాను. మూడో శీతాకాలానికి అది సరిగ్గా మీరు రాసినట్లే తయారైంది. రెండు ప్లగ్గులు మార్చాను. తర్వాత ఒక మెకానిక్, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ స్క్రూలు తిప్పి ఇచ్చారు. శబ్దం పదునుగా, వేగం ఎక్కువగా అనిపించి సంతోషించాను. పది రోజుల తర్వాత చింత మొద్దు కోస్తుండగా ఇంజను కీచుమని పట్టేసింది. విప్పి చూస్తే పిస్టన్ పక్కల నిలువునా గీతలు పడి ఉన్నాయి. ఎక్కువ వేగంలో ఎంత పెట్రోలు అందాలో నిర్ణయించే హెచ్ స్క్రూ బిగించినందువల్ల పెట్రోలు తగ్గింది, పెట్రోలులోనే కలిపి పోసే ఆయిలూ తగ్గింది, లోపల తడి చాలక పిస్టన్ సిలిండర్‌కు అతుక్కుంది. అసలు లోపమేమో అప్పటికీ అలాగే ఉంది. పర్లాకిమిడిలో పంపుసెట్లు బాగుచేసే ఒక పెద్దాయన కార్బొరేటర్ విప్పి, అందులోని రబ్బరు పొరను బల్ల మీద పెట్టి చూపించారు. మెత్తగా ఉండవలసిన ఆ డయాఫ్రం ఎండిన అడ్డాకులా బిరుసెక్కి ఉంది.

ఆ పొర గట్టిపడితే చలిలోనే ఎందుకు ఇబ్బంది వస్తుందో తెలిస్తే మిగతా పని సులువవుతుంది. మోటారు సైకిల్ కార్బొరేటర్‌లో తేలే ఫ్లోట్, దాని కింద పెట్రోలు నిలిచే గిన్నె ఉంటాయి. చైన్‌సాను ఏ వంపులో పట్టుకున్నా నడవాలి కాబట్టి ఇందులో అవి ఉండవు. ఇంజను పీల్చుకున్నప్పుడు పుట్టే చూషణకు డయాఫ్రం లోపలికి వంగి, ఒక చిన్న లివరును నొక్కి, సూది వాల్వును తెరుస్తుంది. అప్పుడే పెట్రోలు వస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఈ చూషణ బలంగా ఉంటుంది, పొర కూడా వేడికి కొంత మెత్తబడుతుంది, కాబట్టి గట్టిపడిన పొర అయినా వంగుతుంది. తాడుతో లాగినప్పుడు తిరిగే వేగం చాలా తక్కువ, చూషణ బలహీనం, పైగా చలికి రబ్బరు మరింత బిగుసుకుని ఉంటుంది. దీనికి తోడు చల్లని పెట్రోలు సరిగా ఆవిరి కాదు. మామూలు కంటే ఎక్కువ పెట్రోలు అందవలసిన సమయంలోనే తక్కువ అందుతుంది.

పెట్రోలులో కలిపే ఇథనాలు ఈ బాధను పెంచుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. అది ఆవిరి కావడానికి ఎక్కువ వేడి తీసుకుంటుంది కనుక చలిలో మండటం కష్టమవుతుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రకం రబ్బరు గొట్టాలను, పొరలను పాడుచేస్తుంది. స్క్రూలతో సవరించే కార్బొరేటర్ ఉన్న రంపాలకు 10 శాతం మించకూడదని తయారీదారులు చెబుతుంటారు, కానీ మనకు వేరే పెట్రోలు సులభంగా దొరకదు. అందుచేత నేను పెట్రోలు, ఆయిల్ రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కలుపుకుంటాను. వానాకాలంలో రంపం వాడని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపించి పక్కన పెడతాను. జూన్‌లో మిగిలిన పెట్రోలుతో నవంబరులో పని మొదలుపెట్టడమే నా డయాఫ్రం పాడవడానికి కారణమని నా నమ్మకం. ఆయిల్ మాత్రం కంటి అంచనాతో పోయకండి. 50కి 1 అని (50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు కొలిచి పోయాలి.

ఇక మీరు రేపు ఉదయమే చేయగలిగిన పరీక్ష చెబుతాను. యంత్రం బాగా చల్లగా ఉన్నప్పుడు చోక్ (గాలి దారి మూసి పెట్రోలు ఎక్కువ లాగేలా చేసేది) పూర్తిగా వేసి ఎనిమిది పది సార్లు లాగి, వెంటనే ప్లగ్ విప్పి చూడండి. ప్లగ్ మొన పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదని అర్థం. అప్పుడు ప్లగ్ రంధ్రంలో కలిపిన పెట్రోలు అర చెంచా పోసి, ఒలికినది తుడిచి, డబ్బాను దూరంగా పెట్టి, ప్లగ్ బిగించి లాగండి. రెండు సెకన్లు మోగి ఆగిపోతే నిప్పు, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే బలం) రెండూ పనిచేస్తున్నట్లే. కాయిల్ మాట ఇక మరిచిపోవచ్చు. ప్లగ్ తడిసి కారుతూ ఉంటే మాత్రం పెట్రోలు ఎక్కువైంది. అప్పుడు దాన్ని తుడిచి ఆరబెట్టి, మొనల మధ్య ఎడం 0.5 మిల్లీమీటరు ఉందో లేదో చూసి, చోక్ తీసేసి లాగాలి.

మీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను ఆపింది. ఇంజను మోగేదాకా చోక్ తీయకుండా లాగుతున్నానని రాశారు. చల్లని ఇంజను పూర్తి చోక్‌లో నాలుగైదు లాగులకు ఒక్కసారి ‘టప్’మని చిన్నగా దగ్గి ఆగుతుంది. ఆ దగ్గు వినగానే చోక్ లివరును సగం చోక్‌కు తేవాలి; తేకపోతే ఆ తర్వాతి ప్రతి లాగూ సిలిండర్‌ను పెట్రోలుతో ముంచుతుంది. చెవులకు శబ్దం తగ్గించే ఇయర్‌మఫ్‌లు పెట్టుకుంటే ఆ దగ్గు వినబడకపోవచ్చు గనుక చేతికి తాడులో తగిలే చిన్న కుదుపును గమనించండి. రంపాన్ని నేల మీద పెట్టి, చైన్ బ్రేకు వేసి, వెనక పిడిలో కుడి కాలి ముందు భాగం పెట్టి, ఎడమ చేత్తో ముందు పిడి నొక్కి పట్టి లాగాలి. గాల్లో జారవిడుస్తూ లాగే అలవాటు చాలా ప్రమాదం.

ప్లగ్ పొడిగానే ఉందనుకుందాం. గాలి ఫిల్టరు తీసి, చోక్ వేసినప్పుడు లోపలి రేకు కార్బొరేటర్ నోటిని పూర్తిగా మూస్తోందో లేదో చూడండి. ఎర్రమట్టి దుమ్ముకు దాని ఇరుసు అరిగిపోయి సందు మిగలడం మన ప్రాంతంలో మామూలే. ప్రైమర్ బుడగ ఉంటే నొక్కండి; ఎన్నిసార్లు నొక్కినా పెట్రోలుతో పాటు గాలి బుడగలు వస్తుంటే గొట్టం ఎక్కడో పగిలింది. ఎక్కువగా ట్యాంకులోకి దూరే చోటే పగులుతుంది, వంచి చూస్తే గానీ బయటపడదు. ట్యాంకులోని ఫిల్టరును కొక్కెం తీగతో పైకి లాగి, నల్లబడి ఉంటే మార్చండి. ఇవన్నీ బాగుంటే డయాఫ్రం, గాస్కెట్లు, సూది వాల్వు ఉన్న కిట్ తెప్పించండి. కిట్ కార్బొరేటర్ నమూనాను బట్టి మారుతుంది కాబట్టి, దాని ఒంటి మీద చెక్కిన అంకెలను ఫోటో తీసి దుకాణంలో చూపించాలి. నాకు కిట్ ఐదు వందల రూపాయల లోపే అయింది. పాడైన పిస్టన్, సిలిండర్‌లకు దానికి ఎన్నో రెట్లు పెట్టాను.

స్క్రూల గురించి తప్పక చెప్పవలసింది ఒకటి ఉంది. మీ మెట్ట దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన కాబట్టి, కింద సాలూరులో సరిచేసిన రంపం పైన కొంచెం ఎక్కువ పెట్రోలు తాగుతుందే తప్ప తక్కువ కాదు. కనుక మీ ఉదయపు ఇబ్బందికి ఎత్తు కారణం కాదు. దానికి తిరగేసి, పైన మెట్ట మీద హెచ్ స్క్రూ బిగించి వేగం పెంచిన రంపాన్ని కోత పనికి కింది పల్లాలకు తెస్తే, చిక్కటి గాలికి పెట్రోలు చాలక నా పిస్టన్‌కు పట్టిన గతే పడుతుంది. ఇప్పటికే ఎవరైనా మీ స్క్రూలు తిప్పి ఉంటే, రంపంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన మొదటి స్థానానికి తిప్పించి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు మొదలుపెట్టండి. పది లాగుల తర్వాత ప్లగ్ తడిగా ఉందో పొడిగా ఉందో ఇక్కడ రాస్తే, తర్వాత ఏది విప్పాలో చెప్పగలను.