మోకాలి కింద దిండు పెట్టకండి

66 ఏళ్ల మీ అమ్మగారికి మోకాలి కీలు మార్పిడి చేయించమన్నారనీ, చెన్నైలో ఏ ఆసుపత్రి మంచిదనీ అడిగారు. ఎముకకు ఎముక రాసుకుంటూ, మందులకూ వ్యాయామాలకూ లొంగని నొప్పితో రాత్రిళ్లు నిద్ర పట్టని స్థితి వచ్చిందంటే చేయించవచ్చు. ఏ ఆసుపత్రి అన్నదానికంటే, ఇంటికి వచ్చాక వ్యాయామం ఎవరు చేయిస్తారన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

పెరంబూరులో మా అమ్మకు కుడి మోకాలికి ఈ ఆపరేషన్ జరిగింది. అరిగిన ఎముకల చివరలను కోసి, లోహపు తొడుగులు వేసి, నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను అమర్చే పని గంటన్నరలో ముగిసింది. మరునాడే ఆమె వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. చిక్కంతా ఇంటికి వచ్చాక మొదలైంది. కాలు చాపితే లాగేస్తోందని అమ్మ మూలిగినప్పుడల్లా, సాయానికని నెల్లూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ జాలిపడి మోకాలి కింద దూది దిండు పెట్టేది; నేనూ అది సేవే అనుకున్నాను. పన్నెండో రోజున వచ్చిన ఫిజియోథెరపిస్టు ఆ దిండు తీసి, కాలు చాపమని, మోకాలి వెనుక తన అరచేతిని దూర్చి చూపించింది. చెయ్యి సులువుగా దూరిపోయింది. కాలు వంకరగానే బిగుసుకుపోతోందని, ఈ సందు పోకపోతే కుంటు మిగిలిపోతుందని చెప్పి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని కిందికి అదిమిపట్టి పది లెక్కపెట్టమంది. అమ్మ ఏడు దాకా లెక్కపెట్టి, మిగిలిన మూడింటి బదులు ఆ అమ్మాయిని తిట్టేది. ఆరు వారాలకు సందు పోయింది, మోకాలు 110 డిగ్రీల దాకా వంగింది.

2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాళ్ల ధరలకు పరిమితి విధించిన మాట నిజమే కాని, గది అద్దెకూ మిగతా పద్దులకూ ఆ కట్టడి లేదు. మాకు ప్యాకేజీ అని చెప్పినదానిలో ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ లేనే లేదని డిశ్చార్జి రోజున తెలిసింది. మీరు ముందే అడగండి. తొడ కండరాల వ్యాయామాలు ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టించండి, ఇంట్లో ఎత్తైన కమోడ్ లేకపోతే ఏర్పాటు చేయండి. పిక్క వాచినా, గాయం నుంచి నీరు కారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి.

ఇప్పుడు మా పెద్దమ్మకే ఎడమ మోకాలికి ఆపరేషన్ చేయాలంటున్నారు. దిండ్లన్నీ ముందుగా అటక మీదికి ఎక్కించమని అమ్మ రోజూ ఆమెకు ఫోను చేసి చెబుతోంది.