నెలలు నిండని పాపకు పాలు: 60 వేలు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: మా పాప 31 వారాలకే పుట్టి ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంది. ఒక్కవైపే తీసే చిన్న కరెంటు పంపుతో రోజుకు 8 సార్లు పాలు తీసి పంపిస్తున్నాను. ఒక్కోసారీ 40 నిమిషాలు పడుతోంది. ఓపిక అయిపోయింది. 30 వేలు పెట్టి పెద్ద పంపు కొననా? అద్దెకైతే నెలకు 4 వేలట. లేక నెలకు 16 వేలిచ్చి రాత్రి ఆయాను పెట్టుకోనా? చేతిలో 60 వేలున్నాయి. ప్రైవేటు ఉద్యోగం, జీతం 48 వేలు.

జవాబు: పంపు కొనొద్దమ్మా, అద్దెకు తీసుకోండి. ఆయాను ఇప్పుడే పెట్టుకోవద్దు.

ఇప్పుడు పంపు దగ్గరే రోజుకు 5 గంటల 20 నిమిషాలు పోతున్నాయి. రెండువైపులా ఒకేసారి తీసే ఆసుపత్రి స్థాయి పంపుతో ఒక్కోసారి 15-20 నిమిషాలు చాలు. అంటే రోజుకు రెండున్నర గంటలకు పైగా మిగులుతుంది, దాన్ని నిద్రకే వాడండి. పాలు కుదురుకోవడానికి మొదటి వారాలే కీలకం కాబట్టి రెండు నెలల అద్దె, 8 వేలు, సరిపోతుంది. గొట్టాలు, సీసాల కిట్ మాత్రం మీకంటూ కొత్తది ఉండాలి. చవకని వాడిన పంపు కొనకండి. కొన్ని రకాల్లో పాలు మోటారు దాకా వెళ్లి బూజు పడుతుంది.

పాలు హఠాత్తుగా తగ్గితే ముందు వాల్వు చూడండి. ఆ చిన్న రబ్బరు ముక్క సాగితే పీల్చే బలం పోతుంది. నొప్పి పుడితే ఫ్లాంజ్ (రొమ్ముకు ఆనించే గరాటు) సైజు తప్పయి ఉండొచ్చు, నర్సుకు చూపించండి. ఇంకో రెండు సెట్ల విడిభాగాలు కొంటే ప్రతిసారీ కడిగే పని తప్పుతుంది. కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వాడే పద్ధతి మాత్రం నెలలు నిండని బిడ్డకు పనికిరాదు.

పాప ఆసుపత్రిలో ఉండగా రాత్రి ఆయా చేసేదేముంది? పాలు తీయాల్సింది మీరేగా. కడగడం, లేబుల్ వేయడం మీవారికి అప్పగించండి. పగలు వంటమనిషిని పెట్టుకోండి. ఆయా పాప ఇంటికొచ్చిన మొదటి నెలకు. ఆమెకు 16 వేలు, వంటకు నెలకు 6 వేల లెక్కన రెండు నెలలకు 12 వేలు, పంపు అద్దె 8 వేలు: మొత్తం 36 వేలు. మిగతా 24 వేల నుంచి విడిభాగాలు కొని, మిగిలింది అలాగే ఉంచండి.

చాలామంది వదిలేసే డబ్బు ఒకటుంది. మీ సంస్థకు ప్రసూతి చట్టం వర్తిస్తే, 26 వారాల సెలవు కాక, నెలలు నిండని కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యానికి మరో నెల వరకు జీతంతో సెలవు ఉంది. చట్టం అడిగేది తల్లి అనారోగ్యం గురించి. పాప రిపోర్టులు మాత్రమే పెడితే తిరస్కరించే వీలుంది. అందుకే కాన్పు చేసిన డాక్టరుతో మీ పేరు మీదే సర్టిఫికెట్ రాయించుకోండి.

నిద్రపోయే వీలున్నా నిద్ర రాకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, జ్వరంతో రొమ్ము గడ్డకట్టినా అదే రోజు డాక్టరును కలవండి. ఆ ఫీజుకు వెనకాడొద్దు.

పాప పేరు కంపెనీ ఆరోగ్య బీమాలో చేర్చారా? దానికి గడువుంటుంది. పేరు ఇంకా పెట్టకపోయినా 'బేబీ ఆఫ్' అని తల్లి పేరుతో చేర్చుకుంటారేమో హెచ్ఆర్‌ను ఈరోజే అడగమని మీవారికి చెప్పండి. ఎన్ఐసీయూ బిల్లు ప్రసూతి పరిమితిలోకి వస్తుందా, కుటుంబ బీమా మొత్తంలోకి వస్తుందా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోమనండి.