రిపోర్టు చూసి మేమూ నవ్వుకున్నాం, కానీ కాగితం మార్పించాం

మీ ప్రశ్న మా ఆయనకి చదివి వినిపించాను. మీ వారి డిశ్చార్జ్ సమ్మరీలో పాత ఆపరేషన్ల దగ్గర "రెండు సిజేరియన్లు" అని పడిందని, మీరిద్దరూ పడీ పడీ నవ్వారని, "ఆస్పత్రి కాగితం చూసి నవ్వేదేంటి" అని మీ అత్తగారు కోప్పడ్డారని రాశారు. సరిచేయించాలా, వదిలేయాలా అని అడిగారు. దాదాపు ఇలాంటిదే మా ఇంట్లోనూ జరిగింది. నవ్వుకోండి, ఆ నవ్వు మీకు అవసరం. కాగితాన్ని మాత్రం వదలొద్దు.

మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తారు. ఆయనకి రాత్రి భోజనం అయ్యాక పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి మొదలయ్యేది. మా మామగారు గుండెపోటుతో పోయారు. అందుకే నొప్పి వచ్చినప్పుడల్లా ఆయన పైకి అనకపోయినా దేనికి భయపడుతున్నారో నాకు తెలిసేది. ఈసీజీ బాగానే ఉందన్నారు. పొట్ట స్కానింగ్ రాస్తే కొత్తపేటలో తీయించాం. గాల్ బ్లాడర్‌లో రాయి ఉందని తేలింది.

ఇంటికొచ్చాక ఆయన రిపోర్టుని మొదటి లైను నుంచి చదువుతూ ఒక చోట ఆగిపోయారు. "ఏమే, నాకు గర్భాశయం ఉందట. సైజు నార్మలేనట. అండాశయాలు కూడా రెండూ బాగున్నాయట."

కాగితం లాక్కుని చూశాను. నిజంగానే ఉంది! "మొదటి రెండు కాన్పులూ నేను పడ్డాను, మూడోది మీదే" అన్నాను. ఎన్నాళ్లుగానో బిగపట్టుకుని ఉన్న మనిషి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. సాయంత్రం మామిడికాయ ముక్కలకి ఉప్పూ కారం అద్ది ప్లేటులో పెట్టిస్తే, పుల్లటివి తినాలనే ఉందంటూ మొత్తం తినేశారు. తెనాలిలో ఉండే మా అత్తయ్యకి ఫోన్ చేసి చెప్తే, "మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలమ్మాయ్, ఏడో నెలలో వచ్చి వాడిని నేను తీసుకెళ్తా" అన్నారు. ఆ రోజు ఇంట్లో టెన్షన్ అంతా ఎటు పోయిందో తెలీదు.

రాత్రి లైటు తీసేశాక ఆయనే అడిగారు. "ఆ గర్భాశయం నాది కానప్పుడు, రాయి మాత్రం నాదేనని ఏంటి నమ్మకం?"

అసలు ప్రశ్న అదే. మీరూ మీ వారి కాగితం ముందు పెట్టుకుని ఇదే అడగాలి.

మర్నాడు రిపోర్టు, ఫిల్ము పట్టుకుని సెంటరుకి వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి ఆ లైను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. స్కాన్ చేసిన డాక్టరుగారే బయటికొచ్చి, దాచి ఉంచిన బొమ్మలు కంప్యూటర్లో తెరిచి చూపించారు. రిపోర్టులు మొదటి నుంచీ టైపు చెయ్యరట. ఆడవాళ్ల పొట్ట స్కాన్‌కి ఒకటి, మగవాళ్లకి ఒకటి ముందే తయారుగా ఉన్న నమూనాలు ఉంటాయి, అందులో కొలతలు మార్చుకుంటూ పోతారు. ప్రోస్టేట్ గురించి ఉండాల్సిన చోట ఆడవాళ్ల నమూనాలోని లైను ఉండిపోయింది. ఇది ఒక రకం తప్పు. ఇంకో రకంలో మొత్తం రిపోర్టే వేరే మనిషిది అవుతుంది. చదివేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ప్రమాదం మాత్రం రెండో దానిలోనే ఉంది.

తేడా తెలియాలంటే ఫిల్ము చూడాలి. దాని మీద పేరు, నంబరు, తేదీ, టైము ముద్ర పడి ఉంటాయి. రాయి కొలత కూడా బొమ్మ మీదే ఉంటుంది. యార్డులో బస్తా మీద లాట్ నంబరు చూడకుండా తూకం చీటీ నమ్మరు కదా, మా ఆయన ఫిల్ముని అలాగే పట్టుకుని ఒక్కొక్కటీ సరిపోల్చుకున్నారు. అన్నీ ఆయనవే. అయినా మా మొహాలు చూసి డాక్టరుగారు మళ్లీ స్కాన్ చేస్తానన్నారు. ఆ రోజు ఇడ్లీ తిని వెళ్లాం. తింటే గాల్ బ్లాడర్ ముడుచుకుపోయి సరిగా కనపడదట, అందుకని మర్నాడు పరగడుపున వెళ్లాం. రాయి అక్కడే ఉంది. కొత్త రిపోర్టు చేతికొచ్చాకే విజయవాడ సూర్యారావుపేటలో సర్జన్ దగ్గరికి వెళ్లాం. లాప్రోస్కోపీలో గాల్ బ్లాడర్ తీసేశారు, ఇప్పుడు ఆయన పెసరట్టు హాయిగా తింటున్నారు.

ఇక మీ సంగతి. "రెండు సిజేరియన్లు" అన్న మాట పాత చరిత్ర భాగంలో ఉంది కాబట్టి, ఇంకొకరి సమ్మరీ మీద టైపు చేసి ఉండవచ్చు. అలా అయితే ఆవిడ వివరాలు ఇంకేం మిగిలాయో వెతకాలి. బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఆపరేషన్ కుడివైపా ఎడమవైపా, ఇంటికి రాసిన మాత్రల మోతాదు, బయాప్సీ ఉంటే దాని నంబరు. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా అది నవ్వే విషయం కాదు, వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

బీపీ, షుగరు ఎన్నాళ్ల నుంచి అన్న లైను కూడా జాగ్రత్తగా చూడండి. అయిదు నెలలు అనబోయి అయిదేళ్లు అని రాస్తే, పాలసీకి ముందే జబ్బు ఉందని ఇన్సూరెన్స్ వాళ్లు అడ్డు చెప్పొచ్చు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకి క్లెయిము ఇవ్వని కాలం, గరిష్ఠంగా 36 నెలలు. ఆ లెక్కలో ఒక అంకె తేడా వచ్చినా క్లెయిము ఆగిపోవచ్చు.

ఆస్పత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగానికి తప్పు లైను, సరైనది ఏంటో రాసి లెటరు ఇవ్వండి. దానితో పాటు సమ్మరీ జిరాక్సు, ఆధార్ కాపీ పెట్టి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. పెన్నుతో కొట్టేసి ఇస్తే తీసుకోకండి, కొత్త ప్రింటు కావాలి, దాని మీద డాక్టరు సంతకం, సవరించిన తేదీ ఉండాలి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వైద్యం వివరాలు రాసిన కేసు షీటు కాపీ కూడా అడగండి. వైద్యుల వృత్తి నియమావళి (2002) ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డుల్ని 3 ఏళ్లు దాచాలి. ఇది చెప్తే కౌంటర్లో మాట తీరు మారుతుంది. గొడవ మాత్రం అక్కర్లేదు. మాకు తప్పు ఒప్పుకుని దిద్దిన డాక్టరుగారి మీద గౌరవం పెరిగింది.

మీ అత్తగారి కోపం గురించి నాకనిపించింది చెప్తా. కొడుకు ఆస్పత్రి నుంచి ఇప్పుడే వచ్చాడు, ఆవిడ ఇంకా భయంలోనే ఉన్నారు. సరిచేసిన కాగితం ముందు ఆవిడకే చదివి వినిపించండి. తర్వాత పాతదాని మీద "రద్దు" అని పెద్దగా రాసి వేరే కవర్లో పెట్టండి. మళ్లీ చెకప్‌కి వెళ్లేలోపే ఫైల్లో కొత్తది పైన ఉండాలి, అక్కడి జూనియర్ డాక్టరు ముందు చదివేది పైన ఉన్న కాగితమే.